అడగండి డాక్టరమ్మని: పక్క సీట్లో కూర్చోవడమే కష్టం

గత నెల ఈ పేజీలో కళ్ళజోడు పవర్ గురించి రాశాను. వచ్చిన ఉత్తరాల్లో సగం పవర్ గురించి కాదు, నా గురించి. ఎందుకు కంటి డాక్టరయ్యారు, పిల్లల్ని ఇందులోకి పంపొచ్చా, పాఠాలు చెప్తూ పేషెంట్లని ఎలా చూసేవారు, ఇలా. ఒకాయనైతే జీతమెంత ఉండేదని కూడా అడిగారు (చెప్పను). సరే, ఈసారికి చుక్కల మందులు పక్కన పెట్టి ఇవే చూద్దాం. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక్క ముక్క: 1984లో పీజీలో చేరాను. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కంటి ఆసుపత్రుల్లో పొద్దున ఓపీ, మధ్యాహ్నం క్లాసు, వారానికి మూడు రోజులు థియేటర్. రిటైరై నాలుగేళ్ళైంది.

మా అమ్మాయి హౌస్ సర్జన్సీలో ఉంది. కంటి డాక్టరు అవుతానంటోంది. మా బావగారు ఎముకల డాక్టరు. "ఇంత చదివి కళ్ళజోళ్ళు రాసుకుంటుందా, రేడియాలజీ తీసుకోమను" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక తండ్రి, తెనాలి

ముందు మీ బావగారికి నా నమస్కారం చెప్పండి. నలభై దాటి ఉంటే ఆయనకీ చత్వారం వచ్చే ఉంటుంది, అప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళారో కనుక్కోండి.

ఇక అసలు విషయం. దారి పొడుగే. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు ఎలాగూ అయిపోవస్తోంది, నీట్ పీజీలో ర్యాంకు రావాలి, ఎంఎస్ మూడేళ్ళు, ఆ తర్వాత ఈ రోజుల్లో దాదాపు అందరూ ఏదో ఒక ఫెలోషిప్ చేస్తున్నారు, నల్లగుడ్డో, రెటీనానో, నీటికాసులో, పిల్లల కళ్ళో ఎంచుకుని ఇంకో ఏడాదో రెండేళ్ళో. అంటే సరిగ్గా నిలదొక్కుకునేసరికి ముప్ఫై దాటుతుంది. సొంత క్లినిక్ పెట్టాలంటే యంత్రాల ఖర్చు భయపెడుతుంది, అందుకే చాలామంది పెద్ద ఆసుపత్రుల్లో జీతానికి చేరుతున్నారు. డబ్బు సంగతి ఇంతకంటే నన్నడగొద్దు, ఆ లెక్కలు నాకెప్పుడూ సరిగ్గా రాలేదు.

కానీ కళ్ళజోళ్ళు రాసుకోవడం అన్నారే, అక్కడే ఆయన పొరబడ్డారు. ఒంట్లో ఎక్కడా కోత పెట్టకుండా రక్తనాళాల్ని, నరాన్ని కళ్ళారా చూడగలిగే చోటు కన్ను ఒక్కటే. 1851లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ అనే ఆయన ఆఫ్తాల్మోస్కోపును, అంటే కంటి లోపలికి తొంగిచూసే పరికరాన్ని, లోకానికి చూపించాక కంటి డాక్టరు పని మారిపోయింది. కంటి వెనక్కి తొంగిచూసి షుగరు ఎన్నాళ్ళుగా పట్టించుకోలేదో, బీపీ ఎంత పెరిగిపోయిందో చెప్పొచ్చు. తలనొప్పి, అద్దాలు మార్చండి అంటూ వచ్చినవాళ్ళ కంటి నరం ఉబ్బి ఉండటం చూసి నేరుగా తలకి స్కానింగ్‌కి పంపిన సందర్భాలు నాకే చాలా ఉన్నాయి. మందు రాసేదీ మనమే, ఆపరేషన్ చేసేదీ మనమే. ఫిజీషియన్ వేరు, సర్జన్ వేరు అనే గోల లేదు.

ఎవరికి నప్పదో చెప్తాను. ఒకచోట కుదురుగా కూర్చోలేనివాళ్ళకి నప్పదు. రోజుకి ఎనభైమందిని చూసి ఎనభైమందికీ "చుక్కలు వేశాక రెండు నిమిషాలు కన్ను మూసుకోండి" అని కొత్తగా చెప్పినట్టే చెప్పలేనివాళ్ళకి అసలు నప్పదు. మీ అమ్మాయిని థియేటర్ చూపించమని ఎవరినీ అడగొద్దు, మైక్రోస్కోపులో శుక్లం ఆపరేషన్ చూస్తే ఎవరికైనా మోజు పుడుతుంది. ఏదైనా కంటి ఓపీలో సోమవారం పొద్దున ఎనిమిది నుంచి రెండింటి దాకా ఓ మూల కూర్చోమనండి. బయటికొచ్చాక కూడా అదే మాట మీద ఉంటే ఇక అడ్డు చెప్పకండి.

మేడమ్, నేను పీజీ రెండో ఏడాది. నాకు కేసులు సరిగ్గా ఇవ్వడం లేదు. ఇచ్చినప్పుడు చెయ్యి వణుకుతోంది. థియేటర్లో అందరి ముందూ తిడుతున్నారు. నాకు సర్జరీ రాదేమో అని టెన్షన్‌గా ఉంది.
– ఒక పీజీ విద్యార్థిని, రాయలసీమ

ఏమ్మా, చెయ్యి వణకనివాళ్ళెవరు? నా మొదటి కేసులో నా చెయ్యి ఎంత వణికిందంటే, పక్కనున్న సిస్టరు చల్లగా "డాక్టరుగారూ, ఏసీ తగ్గించమంటారా" అంది. ఏసీ ఎక్కడిది, అది మే నెల.

వణుకుకి సగం కారణం మనసు కాదు, మణికట్టు. మణికట్టు గాల్లో ఉంటే వేళ్ళు ఆడతాయి. పేషెంటు నుదుటి పక్కన చెయ్యి ఆనించి, కుర్చీ ఎత్తు నీ ఒడ్డుపొడుగుకి సరిచేసుకుని, మైక్రోస్కోపు ఫోకస్ నీ కంటికి పెట్టుకుని, అప్పుడు పరికరం అందుకో. చాలామంది పీజీలు ముందు కూర్చున్నవాళ్ళ ఎత్తులోనే భయపడుతూ కూర్చుంటారు. మార్చమని అడగడానికి మొహమాటం. ఆ మొహమాటం ఖరీదు పేషెంటు కట్టాలి, గుర్తుపెట్టుకో. పొద్దున్నే కాఫీ ఎక్కువ తాగకు, రాత్రి నిద్ర మానకు, ఇవి మీ అమ్మ కూడా చెప్పే ఉంటుంది.

రెండోది, కేసు ఇస్తేనే నేర్చుకుంటాననుకోకు. మా రోజుల్లో ఆదివారం పొద్దున్నే మటన్ కొట్టుకి డబ్బా పట్టుకెళ్ళి మేక కళ్ళు తెచ్చుకునేవాళ్ళం. కొట్టతనికి మేం వంటకి తీసుకెళ్తున్నామేమో అని అనుమానం. వాటి మీద కుట్లు వేశాం, కోతలు పెట్టాం. మేక కంట్లో లెన్సు పైపొర మనిషి పొర కంటే మందంగా సాగుతూ ఉంటుంది, అందుకని దాని మీద గుండ్రంగా చింపడం వస్తే మనిషి కంట్లో వచ్చేసినట్టు కాదు, కానీ పరికరం కొన ఎక్కడుందో కంటికి అలవాటవుతుంది. ఆ గుండ్రం కోసం టమాటా తొక్క, ద్రాక్షపండు తొక్క కూడా పనికొస్తాయి. నవ్వకు, ఇప్పటికీ పెద్ద పెద్ద చోట్ల ఇవే వాడుతున్నారు. ఆపరేషన్ని ముక్కలుగా విడదీసి నేర్చుకో. ఈ వారం కంట్లోకి దారి చేసే సొరంగం కోత ఒక్కటే చేస్తాను మేడమ్ అని అడుగు. మొత్తం కేసు ఇవ్వండి అంటే ఏ ప్రొఫెసరైనా జంకుతారు, ఒక్క మెట్టు ఇవ్వండి అంటే కాదనేవాళ్ళు తక్కువ. ఆఖరి మెట్టు నుంచి వెనక్కి నేర్చుకోవడం ఇంకా మంచిది, అంటే ముందు ఆపరేషన్ కోసం కంట్లో నింపిన జిగురు కడగడం, తర్వాత లెన్సు పెట్టడం, అలా. ఎందుకంటే ఆఖర్న తప్పు జరిగితే సర్దుకోవడం తేలిక, మొదట్లో తప్పు జరిగితే అది చివరిదాకా వెంటాడుతుంది.

నీకు ఒకాయన సంగతి చెప్తాను. మదురై అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారు వయసులో ఉండగానే కీళ్ళవాతంతో మంచాన పడ్డారు. వేళ్ళు వంకర్లు తిరిగిపోయాయి, కలం పట్టుకోవడమే కష్టమయ్యేది. ఆ వేళ్ళతోనే కత్తి పట్టుకోవడం తనకి తాను నేర్పుకుని లక్షకు పైగా ఆపరేషన్లు చేశారు. మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో పాఠాలు చెప్పి, 58 ఏళ్ళకి రిటైరై, అందరూ మనవల్ని ఆడించుకునే వయసులో 1976లో పదకొండు మంచాలతో అరవింద్ మొదలుపెట్టారు. నీ వేళ్ళు తిన్నగానే ఉన్నాయిగా?

ఇక తిట్లు. మీ పెద్దలు తిట్టడం తప్పు, అది నీకోసం మాత్రమే కాదు. కంటి ఆపరేషన్లో పేషెంటు మెలకువగా ఉంటాడు. పచ్చటి గుడ్డ కింద కన్ను మాత్రమే మొద్దుబారి, చెవులు రెండూ రిక్కించి ఉంటాడు. మా థియేటర్లో ఒక కుర్రాడు ఏదో జారి "అబ్బా!" అన్నాడు. గుడ్డ కింద నుంచి ముసలమ్మ గొంతు, "ఏం బిడ్డా, నా కన్ను పోయిందా?" కన్ను పోలేదు, పరికరం కింద పడింది, అంతే. కానీ ఆమె గుండె దడ తగ్గడానికి పది నిమిషాలు పట్టింది, ఆ పది నిమిషాలూ ఆమె తల కదులుతూనే ఉంది. ఆ రోజు నుంచి నా థియేటర్లో అయ్యో, అబ్బా, అరెరే నిషేధం. ఏం జరిగినా "బాగుంది, కాస్త ఆగు" అనాలి. "బాగుంది" అని నేనంటే నా పీజీలకి చెమటలు పట్టేవి, ఎందుకంటే ఏదో బాగాలేదని దాని అర్థం. పేషెంటుకి మాత్రం హాయి. నిన్ను తిట్టేవాళ్ళకి ఈ కథ నా పేరు చెప్పకుండా చెప్పు.

మా అమ్మకి ప్రభుత్వ బోధనాసుపత్రిలో శుక్లం ఆపరేషన్ అయింది. చూపు మంచిగనే వచ్చింది. తర్వాత తెలిసింది, చేసింది పెద్ద డాక్టరు కాదు, చదువుకుంటున్న పిల్లవాడని. మమ్మల్ని ఎవ్వరూ అడగలేదు. నేర్చుకునేది పేదోళ్ళ కళ్ళ మీదనేనా?
– ఒక కొడుకు, హన్మకొండ

ఈ ఉత్తరం పక్కన పెట్టి, టీ తాగి, మళ్ళీ చదివాను. మిమ్మల్ని అడక్కపోవడం తప్పు. చూపు వచ్చింది కదా అని ఆ తప్పు ఒప్పవదు.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి చెప్తాను. ప్రతి సర్జనుకీ మొదటి కన్ను అంటూ ఒకటి ఉంటుంది. మీరు లక్షలు పోసి ఏ పేరున్న డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఆయన చెయ్యి ఎక్కడో ఎవరో అమ్మ కంటి మీదే తిరిగింది, చాలావరకు అది ప్రభుత్వ ఆసుపత్రి వార్డులో పడుకున్న అమ్మే. కాబట్టి నేర్చుకోవడం ఆపలేం. ఆపితే ఇరవై ఏళ్ళ తర్వాత మీకు ఆపరేషన్ చేసేవాళ్ళుండరు. ఎలా నేర్పుతున్నారు, పక్కన ఎవరున్నారు, చెప్పి చేస్తున్నారా అనేవే అసలు ప్రశ్నలు.

నేను చెప్పి చేసేదాన్నా? మొదట్లో లేదు. నిజం ఒప్పుకోవాలి. మాకెవరూ అలా నేర్పలేదు, మేమూ పీజీలకి నేర్పలేదు. ఒకసారి రిటైరైన స్కూలు మాస్టారికి ఆపరేషన్ అయ్యాక, మర్నాడు కట్టు విప్పుతుంటే ఆయనే అన్నారు: "నిన్న చేసింది మీరు కాదు కదమ్మా, గొంతులు విన్నాను. నేనూ ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, అడిగితే వద్దనేవాణ్ణా?" కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనేదో సమర్థించుకునేదాన్ని. అప్పటి నుంచి ఆపరేషన్ ముందురోజు పీజీని వెంటబెట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళి, పేరు చెప్పి పరిచయం చేసేదాన్ని. "ఈ డాక్టరుగారు మీ ఆపరేషన్లో కొంత చేస్తారు, నేను ఇంకో అద్దంలోంచి చూస్తూ పక్కనే ఉంటాను, అవసరమైతే నేనే అందుకుంటాను, మీకు ఇష్టం లేకపోతే మొత్తం నేనే చేస్తాను, దాని వల్ల మీకు మంచం ఆలస్యం కాదు" అని. ఆఖరి ముక్క ముఖ్యం, లేకపోతే భయానికి ఒప్పుకుంటారు. పదిమందిలో ఒకరో ఇద్దరో వద్దనేవారు. మిగతావాళ్ళు ఒప్పుకోవడమే కాదు, మర్నాడు ఆ పీజీ కోసమే వెతికేవారు, "నా డాక్టరు పిల్ల ఏదీ" అని.

కొన్ని కళ్ళు పీజీలకి ఇవ్వకూడదు. ఒంటికన్ను పేషెంటు, అంటే రెండో కన్ను అప్పటికే పోయినవాళ్ళు. ముదిరి గోధుమరంగు దాటి నల్లబడ్డ శుక్లం. చుక్కలు వేసినా కంటిపాప పెద్దది కానివాళ్ళు, లెన్సుని పట్టి ఉంచే దారాలు వదులైనవాళ్ళు, దగ్గు ఆగనివాళ్ళు, చిన్నపిల్లలు. ఈ జాబితా గోడ మీద అంటించి ఉండేది, ఎంత రద్దీ ఉన్నా దాన్ని దాటనిచ్చేదాన్ని కాదు.

నేర్పడంలో కష్టమెక్కడో తెలుసా? ఆపరేషన్ చెయ్యడం కాదు, పక్క సీట్లో కూర్చోవడం. లెన్సు వెనక పొర మందం మధ్యలో నాలుగైదు మైక్రాన్లు, తలవెంట్రుక అందులో పది రెట్లకు పైనే. ఆ పొర మీద ఇంకొకరి చెయ్యి ఆడుతుంటే, నీ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూడాలి. నిమిషంలో నేను చేసేది పిల్లాడు ఏడు నిమిషాలు చేస్తాడు. నెమ్మది తప్పు కాదు కాబట్టి ఆగాలి. పరికరం కొన వాడికి కనబడటం లేదని నాకు కనబడిన క్షణంలో మాత్రం ఆగకూడదు. ఆ రెంటికీ మధ్య తేడా పుస్తకంలో లేదు.

ఒకసారి నేను ఆలస్యం చేశాను. 1990ల్లో సంగతి. ఆపరేషన్ చేస్తున్న పీజీ పిల్ల చాలా శ్రద్ధగలది, చివరికొచ్చేసింది, చెయ్యి లాక్కుంటే చిన్నబుచ్చుకుంటుందని అర నిమిషం ఊరుకున్నాను. పొర చిరిగింది, కంటి వెనక భాగంలో సహజంగా ఉండే జిగురు ముందుకొచ్చింది. నేను అందుకుని శుభ్రం చేసి ముగించాను కానీ ఆ రోజు లెన్సు పెట్టలేకపోయాం, ఇంకోసారి పెట్టాల్సొచ్చింది, చూపు కుదురుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ సాయంత్రం ఇద్దరం వార్డుకి వెళ్ళి ఆ పేషెంటమ్మ మంచం పక్కన కూర్చుని, ఏం జరిగిందో తెలుగులో, మామూలు మాటల్లో చెప్పాం. తప్పు నాదని చెప్పాను, ఎందుకంటే నాదే. ఆమె కొడుకు అరిచాడు. అరవనిచ్చాం. ఆ పిల్ల ఇప్పుడు ఒక కాలేజీలో ప్రొఫెసరు.

మీరు మళ్ళీ ఎప్పుడైనా రెండో కంటికి వెళ్తే రెండే అడగండి: ఎవరు చేస్తారు, పక్కన ఎవరుంటారు. అడగడం మీ హక్కు. చిరాకు పడితే ఆ చిరాకు వాళ్ళది, మీది కాదు.

మీకు కళ్ళజోడు ఉందా? ఉంటే లేసిక్ లేజర్ ఆపరేషన్ ఎందుకు చేయించుకోలేదు?
– ఒక డిగ్రీ విద్యార్థి, విజయనగరం

ఉంది. ఎనిమిదో తరగతి నుంచీ. లేసిక్ మన దగ్గరికొచ్చేసరికి నాకు చత్వారం దగ్గరపడింది, ఒకటి తీసి ఇంకోటి పెట్టుకోవడమెందుకని ఊరుకున్నాను. పైగా అద్దాలు లేకపోతే నా ముఖం నాకే గుర్తురాదు.

నేను డాలస్ దగ్గర కంటి డాక్టరుగా స్థిరపడ్డాను. గుంటూరులో చదివాను. యాభై దాటాక తిరిగొచ్చి పాఠాలు చెప్పాలని ఉంది. ఇంట్లోవాళ్ళు పిచ్చి అంటున్నారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారిలా అందరూ చెయ్యగలరా?
– ఒక ప్రవాసి

అందరూ చెయ్యలేరు. చెయ్యక్కర్లేదు కూడా. ఆయన కథ తెలియనివాళ్ళకి కాస్త చెప్పి మీ దగ్గరికొస్తాను.

నాగేశ్వరరావు గారూ మీలాగే గుంటూరు వైద్య కళాశాల మనిషి. ఢిల్లీ ఎయిమ్స్‌లో కంటి వైద్యం చదివి 1974లో అమెరికా వెళ్ళారు. బోస్టన్‌లో శిక్షణ, తర్వాత రోచెస్టర్ యూనివర్సిటీలో నల్లగుడ్డు నిపుణుడిగా పని, పాఠాలు. హాయిగా ఉండిపోవచ్చు. వచ్చేశారు. సినిమా నిర్మాత, దర్శకుడు ఎల్వీ ప్రసాద్ గారు బంజారాహిల్స్‌లో ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. 1987లో ఆయన పేరు మీద ఆసుపత్రి మొదలైంది. అదంతా మీకూ తెలిసిందే అనుకోండి. నన్నడిగితే ఆ భవనం కంటే గొప్పది దాని కింద వేసిన మెట్లు. యాభై వేల జనాభాకి ఒక చిన్న దృష్టి కేంద్రం, ఐదారు లక్షలకి ఆపరేషన్లు చేసే ఒక చిన్న ఆసుపత్రి, యాభై లక్షలకి ఒక పెద్దది, అందరికీ పైన హైదరాబాద్. కింద మెట్టు మీద కూర్చునేది డాక్టరు కాదు, ఆ ఊరి చుట్టుపక్కల ఇంటర్ చదివిన అమ్మాయో అబ్బాయో, ఏడాది శిక్షణతో. అంటే ఆసుపత్రి పెట్టడమన్నా బడి పెట్టడమన్నా అక్కడ ఒకటే పని.

ఇప్పుడు మీ సంగతి. ఆసుపత్రి కట్టాలని రాకండి, కట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. ముందు ఏడాదికి నాలుగు వారాలు రండి, ఒకే కాలేజీకి రండి, ప్రతి ఏడూ అక్కడికే రండి. ఇవాళ తిరుపతి, రేపు వరంగల్, ఎల్లుండి సన్మానం శాలువా అయితే పీజీలకి మీ స్లైడ్లు మాత్రమే మిగులుతాయి. ఇంకో మాట, ఏమీ అనుకోకండి. అక్కడ మీరు రోజుకి చూసే పేషెంట్లు ఇక్కడ ఓపీలో టీ తాగేలోపు అయిపోతారు. మొదటి వారం మీరు నేర్పడానికి కాదు, నేర్చుకోవడానికి కూర్చోండి. ముదిరిపోయిన శుక్లాన్ని కుట్టు లేకుండా చిన్న కోతతో ఏడెనిమిది నిమిషాల్లో తీసే అసిస్టెంట్ ప్రొఫెసర్లు జిల్లాల్లో ఉన్నారు, మీ దగ్గర అలాంటి శుక్లాలే అరుదు. మీరు వాళ్ళకి ఇవ్వగలిగింది వేరే ఉంది: పేషెంటుతో కూర్చుని మాట్లాడే తీరు, తప్పుని రాసిపెట్టుకుని అందరి ముందూ చర్చించే అలవాటు. అవి మాకు తక్కువ.

ఇంట్లోవాళ్ళ సంగతి నాకొదిలేయకండి. మీ ఆవిడ ఉద్యోగం, పిల్లల చదువు మీ కల కంటే చిన్నవేం కాదు.

నేను పల్లెలో దృష్టి కేంద్రంలో పనిచేస్తున్న. డాక్టర్లు మమ్మల్ని లెక్కచెయ్యరు, "అద్దాల పిల్ల" అంటరు. ఊర్లోవాళ్ళు కూడా కంట్లో ఏదన్న పడితే ముందు మందుల షాపుకే పోతరు. మా పనికి విలువ ఉందా మేడమ్?
– ఒక విజన్ టెక్నీషియన్, నాగర్‌కర్నూలు జిల్లా

అమ్మా, వరికోతల నెలలో నా ఓపీకి వచ్చిన కళ్ళు నీకు చూపిస్తే ఈ ప్రశ్న అడగవు.

కోత కోస్తుంటేనో, ధాన్యం తూర్పారబడుతుంటేనో వడ్లగింజ కొనో, ఆకు అంచో నల్లగుడ్డుకి గీసుకుంటుంది. చిన్న గీత. దాంతోపాటు బూజు లోపలికి పోతుంది. రెండు రోజులు నీళ్ళు కారతాయి, మూడో రోజు ఎవరో చనుబాలు పొయ్యమంటారు, నాలుగో రోజు ఆకుపసరు, ఐదో రోజు మందుల షాపులో ఎర్రకళ్ళకని ఒక చుక్కల సీసా. అందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు, నొప్పి తగ్గినట్టే ఉంటాయి, మనిషి మళ్ళీ పొలానికి పోతాడు, లోపల బూజు మాత్రం ఎరువేసినట్టు పెరుగుతుంది. నా దగ్గరికి వచ్చేసరికి నల్లగుడ్డు మధ్యలో తెల్లటి పుండు. అక్కణ్ణుంచి కొంచెం గీరి గాజుపలక మీద వేసి చూస్తే బూజు దారాలు కనబడతాయి, నాటమైసిన్ చుక్కలు గంట గంటకీ మొదలుపెడతాం, వారాల తరబడి వెయ్యాలి. మానినా అక్కడ పువ్వు మిగులుతుంది. మానకపోతే కన్ను తీసెయ్యాల్సి కూడా రావచ్చు. కూలికి పోయే మనిషికి గంట గంటకీ చుక్కలు ఎవరు వేస్తారు చెప్పు?

ఈ వరసలో రెండో రోజున ఆ మనిషి నీ కేంద్రానికి వస్తే ఎంత మారిపోయేదో ఆలోచించు. నా ముప్ఫై ఏళ్ళ అనుభవం ఐదో రోజుకి గాని అందదు. నువ్వు రెండో రోజుకే అందుతావు. నేను పీజీలకి పరీక్షలో ఎప్పుడూ ఒక ప్రశ్న వేసేదాన్ని, ఈ రోగికి ఏ మందిస్తారు అని కాదు, ఈ రోగి మీ దగ్గరికి వచ్చేలోపు ఎంతమందిని దాటొచ్చాడు అని. సగం మందికి జవాబు రాదు.

మందుల షాపాయనతో తగువు పెట్టుకోకు. నేనైతే ఆయన్నే టీకి పిలుస్తాను. "అన్నా, కంట్లో గీసుకుపోయిందని ఎవరొచ్చినా చుక్కలివ్వకుండా నా దగ్గరికి పంపు, అద్దాలవాళ్ళని నేను నీ షాపు పక్కనుంచే పంపిస్తా" అని చెప్పు. నా శిష్యుడొకడు పాలమూరు వైపు ఇలాగే చేశాడు, ఇద్దరికీ లాభించింది.

"అద్దాల పిల్ల" అన్న డాక్టరుకి ఏం చెప్పాలంటావా? ఏం చెప్పకు. నువ్వు పంపిన చీటీలో "ఎడమ కన్ను, రెండో రోజు, వరి ఆకు, చుక్కలు వాడలేదు" అని నాలుగు మాటలు తేటగా రాసి పంపుతూ ఉండు. నాలుగైదు చీటీలయ్యాక ఆయనే ఫోన్ చేస్తాడు.

డాక్టరమ్మా, నాకు 81 ఏళ్ళు. మా నాన్నగారికి స్కూల్లో పెట్టిన కంటి క్యాంపులో ఆపరేషన్ చేశారు. తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి రోజుల తరబడి పడుకోబెట్టారు. ఇప్పుడు మా ఆవిడకి చేస్తే సాయంత్రానికి ఇంటికొచ్చి సీరియల్ చూసింది! ఇంత తేడా ఎలా వచ్చింది? నాన్నగారి సోడాబుడ్డి కళ్ళజోడు ఇంకా ట్రంకుపెట్టెలో ఉంది.
– ఒక తాతగారు, రాజమహేంద్రవరం

తాతగారూ, ఆ ఇసుక సంచుల కాలం చివరి కొస నేనూ చూశాను. నేను చేరినప్పుడు లెన్సు మొత్తాన్ని అలాగే బయటికి తీసేవాళ్ళం, దాని స్థానంలో ఏమీ పెట్టేవాళ్ళం కాదు. కోత పెద్దది, అందుకే తల కదిలితే భయం. ఆ లెన్సు చేసే పని బయట కళ్ళజోడు చెయ్యాలి, అందుకే పది పన్నెండు పవరు, అంత బరువు. పైగా దాంట్లోంచి చూస్తే వస్తువులు పాతిక శాతం పెద్దగా, దగ్గరగా కనబడతాయి. మీ నాన్నగారు మంచినీళ్ళ గ్లాసు అందుకోబోయి గాల్లో చెయ్యి పెట్టడం మీరు చూసే ఉంటారు. పక్కనుంచి వచ్చే మనిషి ఉన్నట్టుండి ఎదుట ఊడిపడ్డట్టు ఉంటాడు. చూపు వచ్చిందన్న సంతోషంతో అవన్నీ భరించేవాళ్ళు.

కంట్లోనే లెన్సు పెట్టాలన్న ఆలోచన అప్పటికే పాతది. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లో మొదట పెట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల ప్లాస్టిక్ అద్దం ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నా కన్ను వాటిని పెద్దగా ప్రతిఘటించకపోవడం చూసి ఆయనకి తట్టిందట. తోటి డాక్టర్లు చాలా ఏళ్ళు ఆయన్ని ఎగతాళి చేశారు. మన మామూలు మనిషి కంట్లోకి అది రావడానికి ఇంకో నాలుగు దశాబ్దాలు పట్టింది, కారణం ధర. 1992లో మదురైలో అరవింద్ వాళ్ళు ఆరోల్యాబ్ పెట్టి విదేశీ ధరలో చిన్న భాగానికే లెన్సులు తయారుచెయ్యడంతో అది అందుబాటులోకొచ్చింది. తర్వాత కోత చిన్నదైంది, కుట్లు పోయాయి. మీ ఆవిడ సీరియల్ వెనక ఇంత కథ ఉంది.

క్యాంపులంటే గుర్తొచ్చింది, హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ పి. శివారెడ్డి గారు క్యాంపులకి పెట్టింది పేరు. ఆ తరం సర్జన్లు స్కూలు బల్లల మీద, అరకొర వెలుతురులో చేశారు. ఇప్పుడు అలా చెయ్యనివ్వరు, ఇన్ఫెక్షన్ల భయంతో, అది మంచిదే. క్యాంపులో పరీక్ష మాత్రమే, ఆపరేషన్ ఆసుపత్రిలో.

ఇక మీ ట్రంకుపెట్టె. మీకు అభ్యంతరం లేకపోతే ఆ కళ్ళజోడు నాకు పంపగలరా? నేనిప్పటికీ మంగళవారాలు పీజీలకి క్లాసు చెప్తున్నాను. మొదటి రోజు వాళ్ళకి అలాంటిది పెట్టి నాలుగు మెట్లు దిగమంటాను, గ్లాసులో నీళ్ళు పొయ్యమంటాను. నా దగ్గరున్నది పోయిన ఏడాది ఒక పిల్లాడు అలా మెట్లు దిగుతూనే కింద పడేశాడు, అద్దం పగిలింది. ఫ్రేము వంగినా పర్లేదు, ముక్కు దగ్గర దారం కట్టి ఉన్నా పర్లేదు. పాత పంచె ముక్కలో చుట్టి పత్రిక చిరునామాకి పంపండి, పోస్టు ఖర్చు నాది. దాని మీద మీ నాన్నగారి పేరు, ఊరు రాసిన చీటీ ఒకటి కట్టండి.